పొరల మధ్య సందు ఎంత? ఫ్లోరైడ్ బోరుకూ, ఉప్పు బోరుకూ, సముద్రానికీ మెంబ్రేన్ ఎంచుకోవడం

నెల్లూరు జిల్లా సైదాపురం వైపు పాత మైకా గనుల పక్కన నడిచినవారికి పొరల పదార్థం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. గుట్టల మీద పడివున్న కాకిబంగారం ముక్కను చేతిలోకి తీసుకుని గోటితో అంచు రేపితే ఒక పొర ఊడివస్తుంది, ఆ పొరలోంచి ఇంకొకటి, దానిలోంచి మరొకటి. గోటికి అందినంతవరకు ఊడుతూనే ఉంటుంది. గోటికి అందని లోతులో ఆ విభజన సుమారు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు మందం దగ్గర ఆగుతుంది. ఈ మధ్య తాగునీటి ప్లాంట్ల అమ్మకందారుల కరపత్రాలలో ‘గ్రాఫీన్ మెంబ్రేన్’ అనీ ‘నానో లేయర్ టెక్నాలజీ’ అనీ కనిపిస్తున్నవాటి వెనుక ఉన్న ఊహ కూడా ఇదే: అంత పలుచని పలకలను పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి పేర్చితే, వాటి మధ్య సందులోంచి నీరు జారిపోతుంది, ఉప్పు ఆగిపోతుంది.

గత వేసవిలో కనిగిరి దగ్గరి ఒక ఊరి నీటి కమిటీ సభ్యులు అటువంటి కరపత్రం ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చారు. చాలా ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాడిని గనుక నాకు తెలిసివుంటుందని వారి నమ్మకం. ఊళ్లోని ప్లాంటులో మెంబ్రేన్లు పనికిరాకుండా పోయాయి. మామూలు ఆర్వో మెంబ్రేన్లే (ఒత్తిడితో నీటిని పంపి ఉప్పును ఆపే వడపోత పొరలే) మళ్లీ వేయించుకోవాలా, లేక ‘ఆర్వో కంటే అనేక రెట్లు నీళ్లు, సగం కరెంటు’ అని కరపత్రంలో అచ్చువేసిన గ్రాఫీన్ రకం తీసుకోవాలా అన్నది వారి సందేహం. “మాస్టారూ, మీరు ఏదంటే అది,” అన్నారు. ఏదో ఒకటి అనాలంటే ముందు రెండు సంగతులు తెలియాలి: శుద్ధి చేయవలసిన నీటిలో ఏముంది, ఆ పొరలు నీటిలో నానిన తరువాత వాటి మధ్య సందు ఎంత. ఈ రెండింటిలో ఒక్కటీ ఆ కరపత్రంలో లేదు.

ముందు నీళ్లు, తరువాతే మెంబ్రేన్

మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ప్లాంటు పెట్టాలనుకునేవారి ముందు మూడు రకాల నీళ్లు ఉంటాయి, మూడింటికీ ఒకే మందు పనిచేయదు. మొదటిది పడమటి మెట్టప్రాంతపు బోరునీరు. కనిగిరి, మర్రిపూడి, పామూరు, వెలిగండ్ల, ఉదయగిరి వైపు రాతినేలలోంచి వచ్చే ఈ నీటిలో అసలు శత్రువు ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి వ్రాసిన తొలి నివేదికలలో ఒకటి 1937లో నెల్లూరు జిల్లా గురించి వచ్చినదే. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరులోనే ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. రెండవది ముత్తుకూరు, విడవలూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు తీరగ్రామాల బోరునీరు. అక్కడ సముద్రం లోపలికి చొరబడడం వల్లా, రొయ్యల చెరువుల వల్లా పెరిగిన మామూలు ఉప్పే సమస్య. మూడవది నేరుగా సముద్రజలం, లీటరుకు సుమారు 35,000 మిల్లీగ్రాముల ఉప్పుతో.

తాగునీటికి మన జాతీయ ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 2,000 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్ అయితే 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5 వరకు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. అమ్మకందారు జేబులోంచి తీసే పెన్నులాంటి టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) మీటరు నీటి విద్యుద్వాహకతను మాత్రమే కొలుస్తుంది. వెయ్యి మిల్లీగ్రాముల ఉప్పులో నాలుగు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో లేదో దానికి కనిపించదు. 600 చూపించిన బోరు 1,500 చూపించిన బోరు కంటే ప్రమాదకరం కావచ్చు. కాబట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగపు ల్యాబులోనో మరొక నమ్మకమైన ల్యాబులోనో ఫ్లోరైడ్, కాల్షియం, బైకార్బనేట్, సల్ఫేట్, నైట్రేట్ విడివిడిగా పరీక్ష చేయించిన కాగితం చేతిలో లేనంతవరకు ఏ మెంబ్రేన్ గురించి మాట్లాడినా వృథాయే.

లెక్క సులువుగా ఉండడానికి మెట్టప్రాంతపు బోరును 1,500 టీడీఎస్, 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అనీ, తీరప్రాంతపు బోరును 3,500 టీడీఎస్ అనీ అనుకుందాం. మీ కాగితంలో ఉన్న అంకెలు వేసుకుని ఇదే లెక్క మీరూ చేసుకోవచ్చు.

పోల్చడానికి కొలబద్ద: మామూలు ఆర్వో

కొత్తదాన్ని తూచడానికి పాతదేమిటో తెలియాలి. సిడ్నీ లోబ్, భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ అనే ఇద్దరు 1950ల చివర లాస్ ఏంజిలిస్‌లో సెల్యులోజ్ ఎసిటేట్‌తో తయారుచేసిన పొరతో వాడుకకు పనికివచ్చే ఆర్వో మొదలైంది. 1970లలో జాన్ కాడొట్ చేసిన పాలిఅమైడ్ (నైలాన్ జాతి ప్లాస్టిక్) పొర దాని స్థానాన్ని ఆక్రమించి నేటివరకు వదలలేదు. మన ఊళ్లలో ‘4040’ అని పిలిచే నాలుగు అంగుళాల వ్యాసం, నలభై అంగుళాల పొడవు గల గొట్టంలో చాపచుట్టలా చుట్టివున్నది ఈ పాలిఅమైడే. అసలు పని చేసే పొర మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు, మిగిలినదంతా దానికి ఆసరా. ఉప్పును 99 శాతానికి పైగా, ఫ్లోరైడ్‌ను 90 శాతానికి పైగా ఆపుతుంది. మన నమూనా బోరులోని 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ 0.4 లోపుకు వస్తుంది.

దీని లోపాలూ అంతే పాతవి. క్లోరిన్ తగిలితే పాలిఅమైడ్ విరిగిపోతుంది. అందుకే బ్లీచింగ్ కలిపిన నీళ్లను ముందు కార్బన్ ఫిల్టరులోంచి పంపుతారు, ఆ కార్బన్ ఫిల్టరు ముగిసిన సంగతి ఎవరూ గమనించకపోతే మెంబ్రేన్ పోతుంది. గట్టినీళ్లకు సున్నపు పెచ్చు కడుతుంది. పోసిన నీటిలో సగమో అంతకంటే ఎక్కువో రిజెక్ట్‌గా బయటికి పోతుంది. ఈ చివరి లోపం గురించి మళ్లీ మాట్లాడుకోవాలి, ఎందుకంటే మెట్టప్రాంతంలో అసలు తగవు దాని దగ్గరే ఉంది.

గ్రాఫీన్ ఆక్సైడ్: కరపత్రం చెప్పని ఉబ్బు

పొరల పదార్థాలలో ఎక్కువ పరిశోధన జరిగినదీ, ఎక్కువ ప్రచారం పొందినదీ గ్రాఫీన్ ఆక్సైడ్. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్‌ను ఆమ్లాలతో, ఆక్సీకరణులతో విడగొడితే వచ్చే ఒక్క పరమాణువు మందపు పలకలు ఇవి. నీటిలో చక్కగా కలిసిపోతాయి, వడపోత కాగితం మీద పోసి పీలిస్తే గోధుమరంగు పొరగా పేరుకుంటాయి. 2012లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో కేరళకు చెందిన రాహుల్ నాయర్, నోబెల్ గ్రహీత ఆంద్రే గైమ్ తదితరులు ఒక వింతను ప్రకటించారు: హీలియం వాయువు కూడా చొరబడలేని ఈ పొరలోంచి నీటి ఆవిరి అడ్డులేనట్టు సాగిపోతున్నది. ఆ ఒక్క ఫలితంతో ప్రపంచమంతా డీశాలినేషన్, అంటే ఉప్పునీటిని మంచినీరుగా మార్చడం, వైపు ఆశగా చూసింది.

రెండేళ్ల తరువాత అదే బృందం నీటిలో ముంచి చూస్తే తేలింది వేరు. ఎండినప్పుడు సుమారు 0.8 నానోమీటర్లు ఉండే పొరల ఎడం, నానినప్పుడు 1.3 వరకు ఉబ్బుతుంది. ఈ అంకెను చదవడంలో ఒక కిటుకు ఉంది. ఎడం అంటే ఒక పలక నడుమ నుంచి తరువాతి పలక నడుమ వరకు దూరం. అందులోంచి పలక సొంత మందమైన 0.34ను తీసివేస్తేనే నీరు నడిచే సందు తెలుస్తుంది. అంటే నానిన పొరలో సందు సుమారు 0.9 నానోమీటర్లు. చుట్టూ నీటి అణువులను కప్పుకుని తిరిగే సోడియం వెడల్పు సుమారు 0.72, క్లోరైడ్ 0.66, ఫ్లోరైడ్ 0.70. మూడూ ఆ సందులోంచి దర్జాగా నడిచిపోతాయి. ఆగేవి అంతకంటే పెద్దవైన రంగు అణువులు, సేంద్రియ పదార్థాలు. మన భాషలో చెప్పాలంటే, మునిగిన గ్రాఫీన్ ఆక్సైడ్ బియ్యపు జల్లెడే గాని పిండి జల్లెడ కాదు.

ఉబ్బును అదుపు చేయడానికి చేసిన ప్రయత్నాలలో రెండు చెప్పుకోదగ్గవి. 2017లో మాంచెస్టర్ బృందం పొరల దొంతరను ఎపాక్సీ జిగురులో బిగించి, ఎడాన్ని 0.98 నుంచి 0.64 నానోమీటర్ల వరకు కావలసినట్టు నిలిపింది. సందు తగ్గేకొద్దీ ఉప్పు దాటడం అనేక రెట్లు పడిపోగా నీటి ప్రవాహం మాత్రం సుమారు సగానికే తగ్గింది; గ్రాఫీన్ కలిపి ఉబ్బు తగ్గించిన ఇంకొక రకం పొరలో 97 శాతం ఉప్పు ఆగింది. అదే ఏడాది చైనా శాస్త్రవేత్తలు పొటాషియం వంటి అయాన్లను (ఆవేశమున్న పరమాణువులను) పొరల మధ్య నిలిపి వాటినే మేకుల్లా వాడుకోవచ్చని చూపారు.

ఇక్కడ చిన్న పిట్టకథ. శుద్ధమైన గ్రాఫీన్ ఆక్సైడ్ పొర నీటిలో వేస్తే విడిపోవాలి, కాని చాలా ప్రయోగశాలల్లో అది ఎంతో గట్టిగా నిలిచేది. కారణం 2015లో అమెరికాలో బయటపడింది: వడపోతకు వాడిన అల్యూమినా బిళ్లలోంచి కొద్దిగా కరిగిన అల్యూమినియం పొరలను కలిపి కుట్టేస్తున్నది. పటిక వేసి బురదనీటిని తేర్చుకునే మనకు ఇందులో ఆశ్చర్యం లేదు. అల్యూమినియం రుణావేశాలను పట్టి ముద్దచేస్తుందని మన బిందెలకు ఎప్పుడో తెలుసు. కొనేవారికి ఇందులో ఉన్న సారం ఏమిటంటే, పొరను పట్టివుంచుతున్నది ఏమిటో అమ్మకందారు చెప్పలేకపోతే అది మీ బోరునీటిలో ఎన్నాళ్లు నిలుస్తుందో కూడా ఆయన చెప్పలేడు.

సందు కాక ఇంకొక అడ్డు కూడా ఉంది. గ్రాఫీన్ ఆక్సైడ్ పలకల మీద రుణావేశం ఉండడం వల్ల అది రుణ అయాన్లను కొంత వెనక్కి నెడుతుంది. ఫ్లోరైడ్ రుణ అయానే కదా అని సంబరపడవచ్చు. కాని రెండు ఆవేశాల సల్ఫేట్ మీద ఈ నెట్టుడు బలంగా, ఒక్క ఆవేశపు ఫ్లోరైడ్, క్లోరైడ్‌ల మీద బలహీనంగా ఉంటుంది; కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న గట్టినీటిలో అవి పలకలకు అతుక్కుని ఆ ఆవేశాన్ని చల్లార్చుతాయి. పైగా నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ ఆవేశపు ప్రభావం సాగే దూరం కుంచించుకుపోతుంది. మన మెట్టబోరు వంటి నీటిలో అది సుమారు రెండు నానోమీటర్లు, సముద్రజలంలో అర నానోమీటరు కూడా ఉండదు. సందు 0.9 ఉన్నచోట అర నానోమీటరు కూడా లేని నెట్టుడుతో సముద్రపు ఉప్పు ఆగుతుందని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు.

మిగిలిన పొరలు

మాలిబ్డినం డైసల్ఫైడ్ పేరు వర్క్‌షాపులలో గ్రీజు డబ్బాల మీద కనిపిస్తుంది. జారుడుగుణం దానికి పొరల వల్లనే వచ్చింది. దీని పలకలు ఒకదానినొకటి బలంగా ఆకర్షించుకుంటాయి గనుక గ్రాఫీన్ ఆక్సైడ్‌లా నీటిలో ఉబ్బిపోవు, ఆ స్థిరత్వమే దాని గొప్ప. అదే గుణం ఒక దోషం కూడా. పూర్తిగా ఎండిపోతే పలకలు 0.62 నానోమీటర్ల ఎడానికి దగ్గరై అతుక్కుపోతాయి, మళ్లీ నీళ్లు పోసినా దారి ఇవ్వవు. వేసవి సెలవుల్లో రెండు నెలలు మూతపడే బడిలోని ప్లాంటుకు ఇలాంటి పొర ఎలా సరిపోతుందో ఆలోచించండి.

మాక్సీన్ అనేవి 2011లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో పుట్టాయి. టైటానియం కార్బైడ్ రకం అందులో ప్రసిద్ధం. నీరు వీటిలోంచి వేగంగా సాగుతుంది, విద్యుత్తునూ మోస్తాయి. తయారీలో అల్యూమినియం పొరను తొలగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్నో దానికి సమానమైనదాన్నో వాడాలి. ఫ్లోరైడ్ తీయడానికి ఫ్లోరైడ్ ఆమ్లంతో చేసిన పొర! అది తయారీదారు బాధ అనుకున్నా, నీటిలో, గాలిలో నెమ్మదిగా ఆక్సీకరణం చెంది టైటానియం డైఆక్సైడ్‌గా మారిపోవడం మాత్రం కొనేవారి బాధ. ఎండ నలభై డిగ్రీలు దాటే ఒంగోలు వేసవిలో రేకుల షెడ్డులో పెట్టడానికి ఇది తగినది కాదు.

వెర్మిక్యులైట్ గురించి మాత్రం నాకు కొంచెం పక్షపాతం ఉంది. ఇది మైకాకు దగ్గరి బంధువు, పాత నెల్లూరు మైకా ప్రాంతంలో దొరికేదే. మైకాలో పొరలను పొటాషియం గట్టిగా బిగించి ఉంచుతుంది. వెర్మిక్యులైట్‌లో ఆ చోట నీటిని కప్పుకున్న మెగ్నీషియం ఉండడం వల్ల పట్టు వదులు, వేడిచేస్తే అకార్డియన్‌లా సాగిపోతుంది. నర్సరీలలో మొక్కల కుండీలకు కలిపేది అదే. దీని పలకలతో మెంబ్రేన్లు చేసి, పొరల మధ్య ఉన్న అయానును మార్చి నీటితో వాటి చెలిమిని మార్చవచ్చని 2020లో మాంచెస్టర్ నుంచే ఫలితాలు వచ్చాయి; నూనె కలిసిన నీటిని వేరుచేయడంలో లిథియం చేర్చిన రకం జిడ్డు పట్టకుండా నిలిచింది. ముడిసరుకు చవక, విషం లేదు. తాగునీటి ఉప్పు తీయడానికి మాత్రం ఇప్పుడే మార్కెట్లో అడిగి కొనగలిగిన వస్తువు కాదు.

వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అడ్డంకి పరిమాణం. ప్రయోగశాలలో వచ్చే ఫలితాలలో ఎక్కువభాగం 47 మిల్లీమీటర్ల వ్యాసం గల బిళ్లల మీద వస్తాయి. ఒక 4040 గొట్టంలో ఏడెనిమిది చదరపు మీటర్ల పొర ఉంటుంది, అంటే అటువంటి బిళ్లలు నాలుగువేలకు పైగా. అన్ని బిళ్లల విస్తీర్ణంలో ఒక్క చిల్లు కూడా లేకుండా, చుట్టినప్పుడు చిట్లకుండా పరవడం అసలు విద్య. ఆ విద్య సాధించిన సంస్థలూ ఉన్నాయి గాని వారు దిగిన రంగం గమనించదగ్గది. ఆస్ట్రేలియాలో నెమాటిక్ సంస్థ గ్రాఫీన్ పొరలను నానోఫిల్ట్రేషన్ (ఆర్వో కంటే వదులైన వడపోత) కోసం, అమెరికాలో వయా సెపరేషన్స్ సంస్థ గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలను కాగితం మిల్లుల నల్లద్రవం (గుజ్జు ఉడికించగా మిగిలే ద్రవం) చిక్కబరచడం కోసం తయారుచేస్తున్నాయి. పెద్ద అణువులను ఆపడం, కఠినమైన రసాయనాలను తట్టుకోవడం అనే రెండు బలాలు ఎక్కడ పనికివస్తాయో అక్కడికే అవి వెళ్లాయి, సముద్రం దగ్గరికి కాదు.

‘సగం కరెంటు’ మాటలో నిజమెంత

నీరు వేగంగా సాగే పొర ఉంటే కరెంటు ఆదా అవుతుందనే మాట అబద్ధం కాదు, కాని చోటును బట్టి దాని విలువ మారుతుంది. సముద్రజలానికి ద్రవాభిసరణ పీడనమే, అంటే ఉప్పు నీటిని తనవైపు లాక్కునే ఒత్తిడే, సుమారు 27 బార్లు (ఒక బారు దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). దాన్ని దాటనిదే ఒక్క చుక్క రాదు, ఏ మెంబ్రేన్ పెట్టినా అది మారదు. సగం నీటిని రాబట్టడానికి ప్రకృతి నియమం ప్రకారం వెయ్యి లీటర్లకు కనీసం 1.06 యూనిట్లు ఖర్చు కావలసిందే, నేటి మంచి ప్లాంట్లు అన్ని ఖర్చులూ కలిపి మూడు నాలుగు యూనిట్లతో నడుస్తున్నాయి. నీటిని మూడు రెట్లు వేగంగా పంపే మెంబ్రేన్ వచ్చినా సముద్రజలం దగ్గర ఆదా 15 శాతమనీ, ఉప్పు తక్కువైన బోరునీటి దగ్గర 46 శాతమనీ 2014లో మసాచుసెట్స్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన మెట్టబోరు ద్రవాభిసరణ పీడనం ఒక బారు పైచిలుకే గనుక అక్కడ పంపు శ్రమలో ఎక్కువభాగం మెంబ్రేన్ అడ్డును దాటడానికే పోతుంది, అందుకే తేడా.

అయితే రూపాయల్లోకి మార్చి చూడండి. ఊరి ప్లాంటు వెయ్యి లీటర్లకు రెండు యూనిట్లు తాగుతుందనుకున్నా, 20 లీటర్ల క్యానుకు పడేది 0.04 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకుంటే 28 పైసలు. అందులో సగం మిగిలితే 14 పైసలు. మెంబ్రేన్ మార్పిడి, కార్బన్, ఆపరేటరు జీతం, పాడైన పంపు మరమ్మతు ముందు ఈ 14 పైసలు లెక్కలోకి రావు. కరెంటు ఆదా కోసం ఊరి ప్లాంటుకు కొత్తరకం మెంబ్రేన్ కొనడం నా దృష్టిలో తప్పు బేరం.

ఏ నీటికి ఏది

సముద్రజలం విషయంలో తడబాటు అక్కరలేదు. 97 శాతం ఆపే పొర గొప్పదే అనిపించినా 35,000లో మూడు శాతం 1,050 మిల్లీగ్రాములు, 99.7 శాతం ఆపే పాలిఅమైడ్ 105 మిగులుస్తుంది. తీరం వెంబడి ఏ పరిశ్రమకైనా, రేవుకైనా సముద్రజలాన్ని మంచినీరుగా మార్చుకోవలసివస్తే పాలిఅమైడే మార్గం. మన పక్కనే చెన్నైకి నీళ్లివ్వడానికి మింజూరు ప్లాంటు 2010లో, నెమ్మేలి ప్లాంటు 2013లో రోజుకు పదేసి కోట్ల లీటర్ల సామర్థ్యంతో ఇదే పద్ధతిలో మొదలయ్యాయి. ‘నానో’ అనే మాట తప్పనిసరిగా కావాలంటే, పాలిఅమైడ్‌లోనే జియొలైట్ (సూక్ష్మరంధ్రాలున్న ఖనిజం) రేణువులు కలిపిన మెంబ్రేన్లు అమ్మకంలో ఉన్నాయి, ఆ రకానికి దారితీసిన సంస్థను 2014లో ఎల్‌జీ కెమ్ కొనుక్కుంది. పాలిఅమైడ్ మీద గ్రాఫీన్ ఆక్సైడ్‌ను పలుచగా పూసి క్లోరిన్ దెబ్బనుంచీ పాచినుంచీ కాపాడుకోవడం కూడా పరిశోధనలో మంచి ఫలితమిచ్చింది. నా ఉద్దేశంలో పొరల పదార్థాలు సముద్రతీరానికి వచ్చేది ఈ పైపూత రూపంలోనే.

తీరప్రాంతపు 3,500 టీడీఎస్ బోరుకు 90 శాతం ఆపే పొర చాలు, 350 మిగులుతుంది. ఈ పని తక్కువ ఒత్తిడి ఆర్వో మెంబ్రేన్ సునాయాసంగా చేస్తుంది; విద్యుత్తుతో అయాన్లను లాగి ఉప్పు తీసే ఎలక్ట్రోడయాలసిస్ కూడా ఈ ఉప్పు స్థాయికి సరైన పోటీదారు, భావనగర్‌లోని కేంద్ర ఉప్పు పరిశోధన సంస్థ దశాబ్దాలుగా దానిమీద పనిచేస్తున్నది. రొయ్యల చెరువుల పక్క బోర్లలో సేంద్రియ మలినం ఎక్కువ గనుక, ఆర్వోకు ముందు వరుసలో గ్రాఫీన్ నానోఫిల్ట్రేషన్ పెట్టి జిడ్డును అక్కడే ఆపడం అర్థవంతమైన ఆలోచన. అమ్మకందారు ఆరు నెలలు తన ఖర్చుతో నడిపి చూపిస్తానంటే కాదనకండి.

మెట్టప్రాంతపు ఫ్లోరైడ్ బోరు దగ్గర మాత్రం లెక్క నిజంగా చిక్కు పెడుతుంది. 60 శాతం ఆపే పొర పెడితే 4 మిల్లీగ్రాములలో 1.6 మిగులుతుంది, గరిష్ఠ పరిమితికి కూడా బయటే. 75 శాతం ఆపితే సరిగ్గా 1. కొత్త మెంబ్రేన్ ఆ అంచున నిలిచి, ఏడాది తరువాత జారిపోతే ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఫ్లోరైడ్‌కు రుచి లేదు. అందువల్ల ఫ్లోరైడ్ విషయంలో ఇలా కొంతే ఆపే వదులు మెంబ్రేన్ల మీద నాకు నమ్మకం లేదు. ఆర్వో అయితే భద్రమైన దూరంలో నిలుపుతుంది గాని రిజెక్ట్ సంగతి ఉంది: సగం నీటిని తీసుకుంటే మిగిలిన సగంలో ఫ్లోరైడ్ దాదాపు ఎనిమిది మిల్లీగ్రాములకు చేరుతుంది, ఆ నీరు కాలువలో పడి పశువుల తొట్టికో, ఇంకి అదే బోరుకో చేరుతుంది.

ఈ చోటే పొరల పదార్థాలలో ఇంకొక జాతి మనకు ఆసక్తికరం, అది మెంబ్రేన్ కాదు, పీల్చుకునే పొడి. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ల జంట పొరలలో పలకల మీద ధనావేశం ఉంటుంది, వాటి మధ్య రుణ అయాన్లు నిలుస్తాయి. ఈ పొడిని సుమారు 500 డిగ్రీల వద్ద కాలిస్తే పొరలు చెదిరిపోతాయి. తిరిగి నీటిలో వేస్తే తమ పాత రూపాన్ని గుర్తుతెచ్చుకున్నట్టు మళ్లీ పొరలుగా కట్టుకుంటూ దొరికిన ఫ్లోరైడ్‌ను లోపలికి లాక్కుంటాయి. రిజెక్ట్ లేదు, ఒత్తిడి పంపు లేదు, నీటిలోని మిగిలిన ఖనిజాలు చాలావరకు అలాగే ఉంటాయి. కాని కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీటిలో సాధారణంగా బైకార్బనేట్ కూడా ఎక్కువే, కాల్షియం తక్కువే. కార్బనేట్ జాతి ఆ పొరలకు ఫ్లోరైడ్ కంటే ప్రియమైన అతిథి, ముందే వచ్చి పీట వేసుకుంటుంది. శుద్ధమైన నీటిలో చూపిన సామర్థ్యాన్ని మన బోరునీటిలో ఆశించకూడదు. దీనితో పోటీపడే ఉత్తేజిత అల్యూమినాకు (ఫ్లోరైడ్‌ను పట్టుకునే అల్యూమినియం ఆక్సైడ్‌కు) కూడా ఇదే రకం బలహీనత ఉన్నా, దానికి దశాబ్దాల అనుభవం వెనుక ఉంది. కాస్టిక్ సోడాతో కడిగి తిరిగి వాడుకోవచ్చు. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి చౌకే గాని పటిక మోతాదు, మిగిలే బురద రెండూ ఎక్కువ.

ఇంతకీ సోమశిల నీరో, సాగర్ కుడికాలువ నీరో పైపులో ఊరికి క్రమంగా వస్తున్నచోట ఈ చర్చంతా అనవసరం. ఉప్పు తక్కువగా ఉన్న ఆ నీటికి ఇసుక ఫిల్టరు, క్లోరిన్ చాలు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో అక్కరలేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 2019లో చెప్పింది.

కరపత్రం తెచ్చిన కమిటీవారితో కలిసి అమ్మకందారుకు ఫోన్ చేసి నేను నాలుగే అడిగాను. మీ పొర నీటిలో నెల రోజులు నానిన తరువాత సందు ఎంత? దాన్ని ఉబ్బకుండా పట్టివుంచుతున్నది ఏమిటి? మా ఊరి నీటితోనే, ఉప్పు కాదు, ఫ్లోరైడ్ ఎంత ఆపుతుందో ల్యాబు కాగితం ఇస్తారా? అరిగిన పలకలు తాగేనీటిలోకి రావడంలేదని పరీక్ష ఉందా? మొదటి ప్రశ్నకు ‘నానో సైజు సార్’ అనే సమాధానం వచ్చింది, మిగిలినవాటికి ఇంజనీరు ఫోన్ చేస్తాడన్నారు. ఆ ఫోన్ రాలేదు.

కమిటీవారు మామూలు 4040 మెంబ్రేన్లే రెండు వేయించుకున్నారు. మిగిలిన డబ్బుతో కార్బన్ మార్పించి, రిజెక్ట్ నీటిని కాలువలోకి వదలకుండా పంచాయతీ మరుగుదొడ్ల ట్యాంకుకు గొట్టం వేయించారు. మూడు నెలలకొకసారి శుద్ధినీటి సీసాను ఫ్లోరైడ్ పరీక్షకు పంపాలని తీర్మానం రాసుకున్నారు. మొదటి సీసా నా స్కూటరు మీదే ఒంగోలుకు వెళ్లింది.